ఊరగాయ జాడీ మీది రాయి

సైదాపురంలో బస్సు దిగితే
రోడ్డువార దుమ్ము కూడా మెరుస్తుంది.
గేదె తోక విసిరితే తళుక్కు,
సైకిలు చక్రం తిరిగితే తళుక్కు.
కొత్తవాళ్ళు వంగి చూస్తారు.
ఊరివాళ్ళు కాకిబంగారమేలే అని
పంచెకి తుడుచుకుని పోతారు.

నేను ఒక సుత్తి, ఒక లెన్సు,
ఇరవై గుడ్డసంచులతో వచ్చాను.
యూనివర్సిటీకి కావలసింది మచ్చలేని అభ్రకం.
కరిగిన రాయి చల్లారే వేళ
లోపల ఇరుక్కున్న పొటాషియం
అప్పట్నించి కొద్దికొద్దిగా ఆర్గాన్ అవుతూ
పొరల మధ్యే ఉండిపోయింది,
బయటపడే సందు లేక.
ఆ కాస్త వాయువును కొలిస్తే
ఎన్ని కోట్ల ఏళ్ళో లెక్క తేలుతుంది.
అది నా థీసిస్. మూడో అధ్యాయం.

దారి చూపించింది మస్తానమ్మ.
గని మూతబడేదాకా ఇరవై రెండేళ్ళు
షెడ్డులో కూర్చుని అభ్రకం చీల్చిన మనిషి.
కుడి బొటనవేలి గోరు ఇప్పటికీ
కొడవలి మొనలా ఒక పక్కకే పెరుగుతుంది.
నేను లెన్సు తీసేలోపే
పలకను ఎండకెత్తి పట్టి చెప్పేసింది:
"ఇది పచ్చదమ్మణ్ణీ, మంచి సరుకు.
దీంట్లో ఇనప చిలుము ఉండాది, పనికిరాదు.
ఇదేమో పైకి నున్నంగా ఉండాదే గానీ
నడిమధ్యలో మెలిపడింది,
చీలిస్తే ముక్కలైపోద్ది."
నా నోటుబుక్కులో అదే సంగతికి
నాలుగు పంక్తులు, రెండు ప్రశ్నార్థకాలు.

గని గుంత నిండా నీళ్ళు, గట్టంతా సర్కారుతుమ్మ.
పదకొండో డంపు మీద మేకలు.
పనికిరాదని తవ్విపోసిందంతా అక్కడే,
పలుగురాళ్ళు, ఎర్రబారిన ఫెల్డ్‌స్పార్,
చిట్లిన అభ్రకం.
నేను వెతికేది మాత్రం ఒక నల్లరాయి.
చిన్నది, బరువైనది, విరిగినచోట తారు మెరుపు.
మధ్యాహ్నం దాకా దొరకలేదు.
మేకల పిల్లాడు నవ్వుతున్నాడు.

"దానికోసం ఎండలో చావడం ఎందుకు?
మా ఇంట్లో ఉండాదిగా," అంది.

రేకుల ఇల్లు. వంటింటి మూల
నిమ్మకాయ ఊరగాయ జాడీ.
జాడీ మూతికి గుడ్డ, గుడ్డ మీద సిబ్బి,
సిబ్బి మీద పిడికిలంత రాయి.
"మేస్త్రి పారెయ్యమన్నాడు.
బరువు బాగుందని కొంగున కట్టుకొచ్చినా.
మా చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు."

కౌంటరు తీసి దగ్గర పెట్టాను.
"బల్లి పలికింది," అని మస్తానమ్మ
వేలితో నేల మీద మూడుసార్లు తట్టి
"సత్యం, సత్యం" అంది.

బల్లి ఆగలేదు.

నియోబియం, టాంటలం, యిట్రియం,
వాటి వెంట
చెప్పకుండా ఉండలేని యురేనియం.
ఏ మాటతో మొదలుపెట్టాలి?
ప్రమాదం అంటే ఎక్కువ,
ఏమీ లేదంటే అబద్ధం.
చిన్నోడు ఎట్లా ఉన్నాడని
మాటవరసకి అన్నట్టు అడిగాను.
వెంకటగిరిలో ఆటో తోలుతున్నాడంది.
"బాగుండాడు. ఎందుకు?"

ఇంట్లో ఈ రాయి వద్దన్నాను.
యూనివర్సిటీకి కావాలన్నాను.
రెండూ నిజమే. ముందు ఏది చెప్పానో
ఇప్పుడు గుర్తు రావడం లేదు.

"తీసకపో. మరి జాడీకి బరువేం పెట్టేది?"

సంచిలోంచి అంతే సైజు తెల్ల పలుగురాయి ఇచ్చాను.
అరచేతిలో ఎగరేసి చూసింది.
"ఇది దాంట్లో సగం కూడా లేదు. ఇంకోటి ఇయ్యి."
ఇంకోటి ఇచ్చాను.
సిబ్బి మీద రెండూ పక్కపక్కన పెట్టి
చేత్తో అదిమి చూసి
"ఇంకా రవ్వంత తక్కువే" అంది.
నేను నవ్వి ఊరుకున్నాను.

ల్యాబులో నీళ్ళలో వేలాడదీసి సాంద్రత తూచితే
పలుగురాయికి రెండింతలు, పైన రవ్వంత.

నమూనా దొరికిన చోటు అనే గడిలో
డంపు పదకొండు అని రాశాను.
ఫారంలో వంటింటికి గడి లేదు.
రాయి అడుగున నూనె జిడ్డు,
జిడ్డుకి అంటుకుని ఒక మెంతిగింజ.
బ్రష్షుతో రాల్చబోయి
గోటితో తీసి
నోటుబుక్కు పేజీల మధ్య పెట్టాను.