చుక్క

లేబర్ ఆఫీసు గేటుకు ఎదురుంగ మా జిరాక్సు దుకానం.
పేజీకి రూపాయిన్నర. రెండు దిక్కుల కొడితె రెండు.
క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ల జనం ఇటు రారు,
వచ్చేది ఫైళ్లు చంకల పెట్టుకున్నోళ్లు.

ఈ వారమంతా ఒకటే ముచ్చట.
దేశం మొత్తానికి ఒక్క కూలి రేటు,
దానికింద ఎవ్వరూ ఇయ్యొద్దు.
ఫ్లోరు అంటరట దాన్ని. నేల అన్నట్టు.
వానొస్తె మా గల్లీల
నేల ఏడున్నదో కాలితో తడిమి చూసుకోవాలె.

పొద్దున యూనియనోళ్లు వస్తరు.
ఎర్ర కండువా గాజు మీద పడకుండ ఎత్తిపట్టుకొని
"బిడ్డా, జెర నల్లగ రానియ్" అంటడు పోశెట్టి సారు.
మధ్యాహ్నం బాలానగర్ వర్క్‌షాపుల సంఘం దినకర్ సారు.
"ఢిల్లీ రేటు ఇక్కడ పెడితె
లేతు మిషన్లు పాత ఇనుము కింద అమ్ముకోవాలె" అంటడు.
అబద్ధమాడుతున్నట్టు అనిపియ్యదు.
ఆయన అంగీ కాలరు కూడ అరిగే ఉన్నది.

మిషనుకు ఇద్దరి కాగితాలూ ఒక్కటే.
మూత వెయ్యాలె, పచ్చ వెలుతురు పోయి రావాలె,
పెనం మీది రొట్టె లెక్క వేడివేడిగ ఇవతల పడాలె.
నేను సదువుతనని ఎవరూ అనుకోరు.
ఇంటర్ ఫెయిలైన గాని అక్షరాలు ఫెయిలు కాలే.

గట్ల కనపడ్డది ఆ లెక్క.
కుటుంబమంటె మూడు యూనిట్లట.
మొగోడు ఒకటి.
ఆడామె సున్నా పాయింటు ఎనిమిది.
పిల్లలు ఒక్కొక్కరు సున్నా పాయింటు ఆరు.
కూడితె సరిగ్గ మూడు, గింజ ఎక్కువ లేదు.
యూనిట్‌కు దినానికి రెండువేల ఏడువందల క్యాలరీలు,
ఇంటిల్లిపాదికి ఏడాదికి డెబ్బై రెండు గజాల బట్ట,
అద్దెకు నూటికి పది.

అద్దె కాడ ఆగి నవ్విన.
పార్సిగుట్టల రేకుల అర్ర, అయిదున్నర వేలు, కరెంటు అలగ్.
నాకొచ్చేది పదకొండు.

మా ఇంట్ల ఆ ఒకటి నాలుగేండ్ల కింద సూరత్ పోయిండు,
ఫోన్ నంబరు మారింది.
పాయింటు ఎనిమిది నేను, పాయింటు ఆర్లు ఇద్దరు.
ఇగ మా అత్త: షుగరు గోళీలు,
రెండు పూటల జొన్నరొట్టె, రాత్రంతా దగ్గు.
ఏ గడిల రాయాలె ఆమెను?
కాగితం ఎనకా ముందు ఎతికిన. గడి లేదు.

నన్నడిగితె ఏం చెప్తనో నాకే తెల్వదు.
పోశెట్టి సారు గెలిస్తె మా ఖలీల్ సేట్
"ఇద్దరి పని ఒక్కరు చెయ్యుండ్రి" అంటడేమో,
పక్క మిషను మీది నవనీత ఉండదు.
దినకర్ సారు గెలిస్తె నవనీత ఉంటది,
అద్దె మాత్రం ఆగదు.
ఇండ్ల ఓనర్లకు దేశం మొత్తానికి ఒక్క రేటు పెట్టుమని
ఏ కాగితమూ ఇంకా నా మిషను కాడికి రాలే.

నిన్న పొద్దుమూకినంక దినకర్ సారు నలభై కాపీలు అడిగిండు.
తెల్లారి మీటింగట, పెద్దాఫీసర్లట.
టోనర్ అడుగుకొచ్చింది.
టోనర్ తక్కువైతె ముందుగాల పోయేది
పెద్ద అక్షరాలు కావు, చుక్కలు.
కాపీ ఎత్తి చూస్తె
సున్నా, పక్కన ఎనిమిది. నడుమ ఏమీ లేదు.

ఎనిమిది మొగోళ్లంత ఆడది!
పిల్లలు ఆరారు.
మొగోడు మాత్రం అదే ఒకటి.

ఊకున్న.
నలభై తీసి, పిన్నులు కొట్టి ఇచ్చిన.
ఇంటికి పోతుంటె
అడుగులు జెర పెద్దగనే పడ్డయి.

పొద్దున షటరు లేవకముందే సారు నిలబడ్డడు.
"ఏందమ్మా ఇది, చుక్కలు పడలే.
నలుగుర్ల నవ్వులపాలైతుంటి."
మళ్ల తీద్దామంటె టోనర్ పదకొండింటికి గాని రాదు.
మీటింగు పదిన్నరకు.

నల్ల పెన్ను తీసుకొని స్టూలు మీద కూసున్న.
ఒక్కో కాపీల మూడు చుక్కలు,
పిల్లలవి రెండు, నాది ఒకటి.
నూట ఇరవై చుక్కలు నేనే పెట్టిన,
చెయ్యి వణకకుండ, సాపుగ.

చుక్కకు ఇంత అని
మా దుకాన్ల రేటు లేదు.