కొమ్ము నలుపు

కొత్త ప్రాజెక్టు.
ముందుగా పేరు అడుగుతుంది.
'మాగుణి కొమ్ముపని చివరిది' అని కొట్టి
'చివరిది' చెరిపేశాను.
ఆ మాట పెట్టిన ఏ ప్రాజెక్టూ నాకు చివరిది కాలేదు.

పర్లాకిమిడిలో, మొబైల్ రిపేరు కొట్టు మీద మేడగది.
కిటికీకి నల్ల దుప్పటి.
మానిటరు వెనక గోడకి బూడిదరంగు నేనే వేసుకున్నాను.
ఇంటాయన గుమ్మంలోంచే చూసి
"ఎవులైనా పోనారేటమ్మా?" అన్నాడు.
రంగులు దిద్దే గదికి రంగు ఉండకూడదని
ఆయనకి ఎలా చెప్పను?
"చవకండి" అన్నాను.

సెకనుకి ఎన్ని బొమ్మలు? ఇరవై అయిదు.
ఒక్క క్లిప్పు టైమ్‌లైన్ మీద పడిందంటే
ఇక ఆ అంకె నుదుటి రాత, చెరగదు.
అందుకే పులుసులో ఉప్పేశానో లేదో అని
మళ్ళీ మూత తీసినట్టు
ఇంకోసారి తీసి చూస్తాను.

కాలం ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి?
సున్నా నుంచి కాదు, ఒంటిగంట నుంచి.
ఎందుకని ఎవర్నీ అడగలేదు.
మొదటి బొమ్మ పుట్టేసరికే
ఈ పనిలో ఒక గంట ఎవరో బతికేసి ఉంటారు.

లోపలి డిస్కు నిండా బరంపురం వాళ్ళ పెళ్ళి.
బయటి డిస్కుకి దారి చూపించాను.
అయిదు నిమిషాలకోసారి దానంతటది దాచుకోమన్నాను.
అయినా నమ్మకం లేదు.
నాలుగింటికి కరెంటు పోతుంది,
యూపీఎస్ కూతా గుణుపురం పాసింజరు కూతా ఒక్కసారే,
ఏది ఏదో తెలీక
రెండింటికీ సేవ్ నొక్కుతాను.

భువనేశ్వర్ నుంచి డైరెక్టరు ఒక లట్ ఫైలు పంపాడు.
"సినిమా లుక్, దీదీ. ముందు ఇదే వెయ్యండి."
వేశాను.
మాగుణి మహారణా పదకొండు రోజులు చెక్కిన కొంగ
ఒక్క దెబ్బకి తారుముద్ద.

కొమ్ము నల్లగా ఉంటుందనుకుంటారు.
ఆకురాయి పట్టి, నూనె రాసి, ఎండకెత్తి చూడండి.
లోపల తేనె చార.
చింతపిక్క పొట్టు రంగు.
ఏట్లోంచి లేచిన గేదె వీపు మీద
ఒక్క క్షణం నిలిచి జారే ఆకాశం.
అదంతా వేవ్‌ఫామ్‌లో అడుగు గీత కింద
మునిగిపోయి ఉంది, ఊపిరాడక.
లట్ తీసేశాను.
మర్యాదకి ఫోల్డర్లో ఉంచాను.

ఇప్పుడు తెలుపు కావాలి, పోనీ బూడిద.
కెమెరా పట్టిన బిద్యాధరుడు
గ్రే కార్డు చూపించనే లేదు.
"బస్సులో ఉండిపోనాదక్కా, ఏటి సేస్తాను" అన్నాడు ఫోన్లో.
ఈ ఊళ్ళో ఒడియా కుర్రాడు తెలుగులో అబద్ధమాడతాడు,
తెలుగుదాన్ని నేను ఒడియాలో తిడతాను.

క్లిప్పులన్నీ వెతికాను.
గోడ? బల్బు పసుపు మింగింది.
పంచె? నీలిమందు ఎక్కువ.
వాకిట్లో పిండిముగ్గు? ఎండకి కాలిపోయింది.

నలభై ఏడో క్లిప్పు.
కెమెరా ఆపేశారనుకున్నాడు ముసలాయన.
ఆకురాయి పక్కన పెట్టి
అరచెయ్యి తెరిచాడు.
గీతల నిండా కొమ్ము పొడి.
ఎరుపు వైపు ఒరగదు, నీలం వైపు ఒరగదు.
ఊదెయ్యలేదు. దులుపుకోలేదు.
నలుపంతా రాలితే మిగిలేది ఇదా అన్నట్టు
చూస్తూ ఉన్నాడు,
పన్నెండు సెకన్లు, ఇరవై అయిదు చొప్పున
మూడువందల బొమ్మలు.

డ్రాపర్ ఆ చేతి మీద పెట్టి నొక్కాను.
ఎరుపూ పచ్చా నీలమూ
కావిడి నిలబడినట్టు
ఒక్క ఎత్తుకి వచ్చి ఆగాయి.
గోడ గోడైంది. పంచె పంచైంది.
కొంగ మెడ వంపులో తేనె తేలింది.

ఇంకా రంగు దిద్దలేదు నేను.
ఇది పీట వేసి, నీళ్ళు పెట్టడం మాత్రమే.

మొదటి నోడుకి పేరు రాశాను: చెయ్యి.
ఇదేం పేరని డైరెక్టరు అడుగుతాడు. అడగనీ.

కూత వినిపించింది.
సేవ్ నొక్కాను.
రైలే.