ఊక

ధనకొండ చేతిలో టార్చిలైటు,
నా ఒళ్ళో లాప్‌టాప్.
కాట్రేనికోన దాటాక, సముద్రం వాసన మొదలయ్యే చోట
పదకొండు రొయ్యల చెరువులు,
ఒక రేకుల షెడ్డు.

పోయినేడాది దాకా ఈ ప్రోగ్రాము
ధనకొండ వాళ్ళాయన గట్లంట తిరిగినట్టే తిరిగేది.
ఒకటో చెరువూ, ఏమైనా ఉందా?
రెండో చెరువూ, ఏమైనా ఉందా?
పదకొండూ అయ్యేసరికి మళ్ళీ ఒకటి.
ఏమీ లేదని తెలుసుకోడానికే
రాత్రంతా కాళ్ళరిగిపోయేవి.

ఇప్పుడలా కాదు.
పదకొండు సెన్సర్ల పేర్లూ కెర్నల్‌కి రాసిచ్చి
ప్రోగ్రాము పడుకుంటుంది.
ఏ నీట్లో ఆక్సిజన్ పడిపోయినా
కెర్నలే తట్టి లేపి నంబరు చెబుతుంది.
"కబురొచ్చేదాకా లెగక్కర్లేదన్నమాట. పెట్టి పుట్టింది,"
అంది ధనకొండ, చుట్ట నిప్పు నోట్లోకి తిప్పుకుని.

ఆ కబురు వచ్చేది కెర్నల్ మాటలో.
నా ప్రోగ్రాముకి ఆ మాట రాదు.
నడుమ నేను రాసిన బైండింగ్
కోటిపల్లి రేవులో పంటు లాంటిది.
ఆ ఒడ్డు యాసలో ఎక్కించుకుని
ఈ ఒడ్డు యాసలో దింపుతుంది.
ఈ ఒడ్డున, వాడి వదిలేసిన మెమరీని
చెప్పకుండానే ఊడ్చుకెళ్ళే మనిషుంది.
ఆ ఒడ్డున ఎవరూ లేరు.
తీసుకున్న చోటు తీసుకున్నవాళ్ళే
చేతులారా అప్పగించాలి.
ముందే అప్పగిస్తే ఇంకో తంటా,
కౌలు వదిలేసిన మడిలో
తెల్లారి వెళ్ళి నాట్లేసినట్టు.
ఈపాటికి అక్కడ ఇంకెవరి నారో ఉంటుంది.

మూడు రాత్రులకోసారి
తెల్లవారుజామున ప్రోగ్రాము చచ్చిపోతోంది.
మెమరీ అయిపోయిందని ఒక్క ముక్క, అంతే.
నాలుగు వందల లైన్లు నలభైసార్లు చదివాను.
ప్రతి తీసుకోడానికీ ఒక ఇచ్చెయ్యడం ఉంది.
ఉన్నట్టే ఉంది.

"ఎక్కడో ఎండ్రకాయ బొరియుందండి.
గట్టంతా తవ్వితే గట్టే పోద్ది. ఇలా రండి."
మునిమాపు వేళ ఏడో చెరువు ఏరేటరు కాసేపు కట్టించి
అంచున గుప్పెడు ఊక చల్లింది.
టార్చి వెలుగులో ఊక
చాలాసేపు ఎటూ తేల్చుకోలేదు.
తర్వాత ఒక్కొక్క పొట్టూ బద్ధకంగా
ఒకే మూలకి నడిచింది.
అక్కడ మోచేతి దాకా చెయ్యి పెట్టి
నవ్వింది.

షెడ్డుకొచ్చి నేనూ ఊక చల్లాను.
తీసుకున్న ప్రతి చోటికీ ఒక అంకె,
ఇచ్చేసినప్పుడు ఆ అంకె మీద గీత.
రాత్రి రెండింటికి, గీత పడని అంకెలు
ఒక మూలకి చేరాయి.
ఉప్పుగాలికి తీగ చిలుమెక్కి
సెన్సరు మాట మధ్యలో తెగినప్పుడల్లా
నా కోడు కంగారుగా వెనక్కి తిరుగుతోంది,
చేతిలో ఉన్నది కింద పెట్టకుండా.
ఒక్క లైను.
పెట్టించాను.

కన్నంటుకుందో లేదో
మూడున్నరకి ధనకొండ దిగ్గున లేచింది.
ఏ కబురూ రాలేదు. స్క్రీను ప్రశాంతంగా ఉంది.
"నాలుగో దాని చప్పుడాగిపోయింది!"
చెప్పుల్లేకుండా పరిగెత్తింది.
మోటారు కాలింది. సెన్సరుదీ అదే లైను.
తెగిపోయానని చెప్పే వ్యవధి కూడా లేక పోయింది.
చెప్పలేదు కనక కెర్నల్ వినలేదు,
వినలేదన్న సంగతి నాకెవరు చెబుతారు?
నీటి పైపొర మీద
వేల మీసాలు గాలికోసం.
ఆక్సిజన్ బిళ్ళలు విసిరి, పక్క చెరువు ఏరేటరు
ఇద్దరం నడుంలోతు నీళ్ళలో లాక్కొచ్చాం.

కబురొస్తే ఎవరైనా లేస్తారు.
రావలసింది రాకపోతే ఎలా లేచావని అడిగాను,
బట్టలు పిండుకుంటూ.
"ఏవుందండి. అలవాటైన చప్పుడు
చెవిలో ఉన్నంతసేపే నిద్ర."

తెల్లారేలోగా కెర్నల్‌కి ఇంకొక పేరు రాసిచ్చాను:
రెండు నిమిషాల నిశ్శబ్దం.
సెన్సర్లు ఏ మాటా అనకపోతే, అదే మాటగా లెక్క.
ఆ టైమరుకి కొంత చోటు కావాలి, తీసుకున్నాను.
ఈసారి
తిరిగిచ్చే లైను ముందు రాసి
తీసుకునే లైను దాని పైన రాశాను.