నాలుగో చెయ్యి

పార్వతీపురంలో కూర్మినాయుడు తాళం చేతిలో పెట్టి
"ఒక్క చేతి మీద నడిచిన బండమ్మా" అన్నాడు.
గుణుపురం వచ్చాక ఆర్‌సీ కార్డు తిరగేసి చూస్తే
నాది నాలుగో చెయ్యి.
ముందరి మూడు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.
తోలు అరిగి నున్నబడిన చోటికి
నా వేళ్లు వాటంతటవే వెళ్లి కూచుంటాయి.

లక్షా పదివేలు.
చీరల మూటలు ఆటోలో మోసి, బస్సు టాపు మీద మోసి,
పద్మపూర్ సంతకీ గుడారి సంతకీ
పదకొండేళ్లు తిరిగిన డబ్బు.
మీటరేమో నలభై రెండు వేల కిలోమీటర్లంది.
క్లచ్ పెడల్ మీది రబ్బరు మాత్రం
లక్ష దాటి చాన్నాళ్లయిందంది.
నేను మీటరునే నమ్మేను.

మొదటి వానకి తెలిసింది
ఇది లోపల కూడా కురుస్తుందని.
ఎడమవైపు మ్యాటు ఎత్తితే చెంబుడు నీళ్లు.

ఖగేశ్వర్ షెడ్డు రామనగుడ రోడ్డులో.
బానెట్టు ఎత్తేముందు దాని మీద చెవి ఆనిస్తాడు,
మంత్రసాని కడుపు మీద ఆనించినట్టు.
"టక్ టక్ అంటే ట్యాపెట్టు.
గూ అని ఏడిస్తే చక్రం బేరింగు.
గుంతలో కటుక్కుమంటే కింద ఆర్మ్ బుష్.
ఏటీ అనకపోతే, అప్పుడు భయపడు."
తెలుగు అతను బొబ్బిలి లారీల దగ్గర నేర్చుకున్నాడు,
అందుకే తిట్లు బాగా వచ్చు, రాత రాదు.
బిల్లు ఒరియాలో రాస్తాడు.
ఆ అక్షరాలన్నీ గొడుగులేసుకుని నిలబడి ఉంటాయి.
ఒకటీ తొమ్మిదీ నా కంటికి కవలపిల్లలు.
క్లచ్ బిల్లు పదకొండు వందలే అనుకుని
మూడు అయిదొందల నోట్లిచ్చి చిల్లరకి చెయ్యి చాపితే
అతను నవ్వలేదు.
అంకెకున్న చిన్న తోక చూపించేడు.

చీరల బాకీల పక్క పేజీలో రాసుకుంటున్నాను:
క్లచ్చు, తొమ్మిది వేల నూరు.
బ్యాటరీ మూడువేల ఎనిమిదొందలు, పాతది ఇచ్చేశాక.
ఇన్సూరెన్సు, నా బండికి కాదు, నా బండి గుద్దినవాళ్లకి.
ఎలక కొరికిన వైర్లు ఆరొందలు. ఎలక ఇంకా లోపలే ఉంది.
టెలిఫోనాఫీసు వీధి పైడితల్లి, రెండు చీరలు,
రేపంటోంది.

దానికి ఆంధ్రా నెంబరు, నాకు ఒడిశా ఓటు.
ఎన్‌ఓసీకి రెండుసార్లు అటు వెళ్లేను.
ఒకసారి సర్వరు లేదు, ఒకసారి సారు లేరు.
అది వచ్చినా ఇక్కడ మళ్లీ రోడ్డు ట్యాక్సట.
రోడ్డున్న మేరకి కట్టమంటే
ఇవాళే కట్టేద్దును.

ఘాటీలో ముల్లు సగం దాటితే
మేనెల ఎండలో కూడా హీటరు పెడతాను,
దాని వేడి నేను కొంత పుచ్చుకుంటే
అది పైకెక్కుతుంది.
డిక్కీలో అయిదు సీసాల నీళ్లు,
నాకొకటి, దానికి నాలుగు.
మొన్న గుడారి మలుపులో ఆవిరి కక్కింది.
గుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పబోతే
కట్టెల మోపు దించుకున్న సవర ఆడమనిషి
గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.
కాగే కుండ మూత ఎప్పుడు తీయాలో ఆమెకి తెలుసు.
ఇద్దరం రాయి మీద అరగంట కూచున్నాం.
ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు.
నా సీసా ఆమెకిచ్చేను.
మిగతా నాలుగూ బండే తాగింది.
దిగుడంతా రెండో గేరులో,
డిక్కీలోంచి సగం బయటికొచ్చిన మోపుతో,
పక్క సీట్లో ఆమె
కాళ్ల కింది నీళ్లలో పాదాలు ఆడించుకుంటూ.

నిన్న కూర్మినాయుడు ఫోను చేసేడు.
అరవైకి తనే పుచ్చుకుంటాడట.
తర్వాత వచ్చే మనిషితో ఏమంటాడో నాకు తెలుసు.
"ఆలోచించి చెప్తానండీ" అన్నాను.
ఫోను పెట్టేసి, పుస్తకం తీసి రాసేను:
ముందు టైర్లు రెండు. దసరా లోపల.