ఉల్లంకి కాలి పోగు

వారంలో ఆరు రోజులు నేను మచ్చలు తీసేస్తాను.
గవర్నర్‌పేటలో మెట్ల కింద గది,
పెళ్ళికూతుళ్ళ మొహాల మీద మౌసు ఆడుతుంటుంది.
మొటిమ, చెమట, ఏడ్చిన చార,
మేనమామ భుజం వెనక తొంగిచూసిన ఎవరో పిల్లాడి తల,
ఒక్క నొక్కుకి పోతాయి.
“మరీ తెల్లగా వద్దండీ” అన్నవాళ్ళు
పదకొండేళ్ళలో ఇద్దరు. ఇద్దరి పేర్లూ గుర్తే.

ఆదివారం మాత్రం నాది.
తెల్లారకముందే కృష్ణలంక గోడ దిగి
వారధి కిందికి పోతాను.
జిలానీ దగ్గర అద్దెకు తెచ్చిన లెన్సు,
చంటిబిడ్డంత బరువు, అంతే భయం.
గేట్లు మూసిన నెలల్లో ఏరు పాయలు పాయలుగా పడుకుంటుంది.
అవతలి తిన్నె మీద తెల్లటి నలకలు.
లెన్సులోంచి చూస్తే నలకలకు కాళ్ళొస్తాయి.

“ఉల్లంకులమ్మా అవి,” అన్నాడు యేసోబు
పడవలో వల చిక్కు తీసుకుంటూ,
అటు చూడనైనా చూడకుండా.
కూత విని చెప్పాడట.
మూరెడు గాజు పట్టుకుని నేను,
ఉత్త చెవుల్తో ఆయన.

ఎనిమిది దాటితే దండగ.
ఇసుక సెగలెక్కి పిట్ట అంచులు వణుకుతాయి,
పొంగుకు ముందు పాలమీగడలా.

రాత్రి అన్నం తిని కంప్యూటర్ ముందు కూర్చుంటే
నాలుగు వందల పన్నెండు ఫోటోలు.
చాలావాటిలో ఖాళీ ఇసుక, లేదా తోక.
తోకలు బాగా తీస్తాను నేను.
మిగిలినవి కోస్తాను.
ఏరు కోస్తాను, ఆకాశం కోస్తాను,
తాడేపల్లి వైపు కొండ కోస్తాను.
ఎంత కోసినా పిట్ట దగ్గరకు రాదు.
పెద్దదవుతుంది, అంతే.

ఇంకా పెంచితే రెక్కంతా మంగళగిరి గళ్ళచీర,
మసక వెలుతురు కదా, పైన బొంబాయిరవ్వ చల్లినట్టు గరుకు.
గరుకు తీస్తే ఈకలూ పోయి
పిట్ట మైనపుబొమ్మ అవుతుంది,
అచ్చం మా పెళ్ళికూతుళ్ళలా.
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఒకదాని కాలి దగ్గర సన్నటి గీత.
సెన్సార్ మీద వెంట్రుక అనుకున్నాను.
అలవాటైన చెయ్యి. ఒక్క నొక్కు, పోయింది.
కాలు గులాబీ రంగులో నిటారుగా, శుభ్రంగా.
తర్వాతి ఫోటోలోనూ ఉంది. అదీ నొక్కేశాను.
మూడోదాంట్లో గీత వంగింది.
సెన్సార్ మీది వెంట్రుక
పిట్టతో పాటు నడవదు కదా.

నైలాను పోగు.
రెండు కాళ్ళనీ కలిపి చుట్టుకుంది.
ఐదో ఫోటోలో ఎగరబోయి గెంతింది చూడండి,
పొద్దున ఆ గెంతుకే నేను
“అబ్బ, ఏం పోజు” అన్నాను.
పైకే అన్నాను.

కంట్రోల్ జెడ్.
కంట్రోల్ జెడ్.
పోగు మళ్ళీ వచ్చి కాలికి చుట్టుకుంది,
నేనే చుట్టినట్టు.

సోమ, మంగళ ఆల్బమ్ అర్జెంటు.
బుధవారం వెళ్ళాను, లెన్సు లేకుండా.
యేసోబు నా ఫోనులో బొమ్మని వేళ్ళతో
పెంచాడు, పెంచాడు,
తన వల వంక ఒకసారి చూసుకున్నాడు.
“మా పోగు కాదమ్మా, గేలం దారం.”
కాసేపాగి,
“మాదైనా అయ్యుండచ్చు.”

అవతలికి తీసుకెళ్ళాడు.
మేం దగ్గరైన కొద్దీ పిట్టలు జరిగాయి,
ఎప్పుడూ ఉండేంత దూరానికే.
తిన్నె నిండా మూడు వేళ్ళ ముద్రలు,
ఒకదాని ముందొకటి, ఒకదాని ముందొకటి.
నీటి అంచున మాత్రం
రెండు కాళ్ళూ పక్కపక్కనే దిగబడ్డ జతలు
ఏడో, ఎనిమిదో.
ఆ తర్వాత నీళ్ళు.

“ఎగిరిపోయుంటదిలే,” అన్నాడు.
నా కోసం అన్న మాట అది.

చెప్పుల్లో ఇసుకతోనే షాపుకొచ్చాను.
కొత్త పెళ్ళికూతురు, గడ్డం కింద కుట్ల మచ్చ.
మౌసు అక్కడికే పోయి ఆగింది.
నొక్కలేదింకా.
వాళ్ళమ్మకి ఫోన్ కలిపాను,
మోగుతోంది.
ఏమండీ, ఇది
ఎప్పటిది?