పొడుగు కాళ్ళ పెట్ట

మూడేళ్ళు తిరిగాను పొట్టికాళ్ళ కోళ్ళ కోసం.
మా నాయనమ్మ నోట అవి పాకుడు కోళ్ళు.
బెత్తెడైనా లేని కాళ్ళమీద
పడవల్లా అటూ ఇటూ ఒరుగుతూ
కెయిత్‌నెస్ గాలికి ఎదురు నడిచేవట.
పడిపోవాలంటే ముందు ఎత్తుండాలి కదే, అనేది.

మొదటి సంవత్సరం పోస్టులో గుడ్లు వచ్చాయి,
డజను, గొర్రె ఉన్నిలో చుట్టి.
ఏడో రాత్రి టార్చి పెట్టి చూస్తే
ఐదింట్లోనే ఎర్రటి వేళ్ళు పాకాయి.
చివరికి పిల్లలైనవి రెండు.
రెండూ పుంజులే.
తెల్లారకముందే పోటీపడి కూసేవి,
ఎవర్ని పిలుస్తున్నట్టు?

మరుసటేడు ఇన్వెరూరీ సంతలో
ఒక పుంజు, రెండు పెట్టలు.
కాగితాలున్నాయి, ముద్రలున్నాయి.
ఇంటికి తెచ్చి పగటి వెలుగులో చూస్తే
ఎర్రగా ఉండాల్సిన చెవి తమ్మెలు
సున్నం బొట్టు పెట్టినట్టు తెల్లగా.
ఫోన్ చేస్తే అమ్మినాయన నవ్వాడు:
"కోడి కోడేనమ్మా.
కూరయ్యాక చెవులెవరు చూస్తారు?"

ఆ తర్వాత ఒక పశువుల డాక్టరు
మందుచీటీ వెనక ఒక పేరు రాసిచ్చాడు.
ఎల్స్పెత్ క్రుక్‌షాంక్. హంట్లీ అవతల, కొండవాలు.
ఎనభై నాలుగేళ్ళు. ఫోన్లో బేరం మాట్లాడదు.
"నీ చేతులు చూడాలి, రా" అంది.

వెళ్ళాను. వాన.
కోళ్ళు చూపించలేదు, టీ ఇచ్చింది.
నక్క దడి కింద తవ్వితే ఏం చేస్తావంది.
వంకర ముక్కుతో పిల్ల పుడితే
పేరు పెట్టి పెంచుతావా, మెడ విరుస్తావా అంది.
నాకు మాట రాలేదు. కప్పులోకి చూశాను.
"అబద్ధమైతే ఆడలేదు" అని లేచి
బూట్లు తొడుక్కుంది.

కొట్టంలో ఒక్కొక్కదాన్నీ చంకన పెట్టుకుని
దాని తప్పులు చదివింది,
పెళ్ళిళ్ళ పేరయ్య ఏనాడూ విప్పని చిట్టా.
ఈ పుంజు తోక ఎడమకి ఒరుగుతుంది.
దీని తల్లి మార్చి దాటేదాకా గుడ్డు పెట్టలేదు.
ఇది ఎంత అందగత్తో చూడు, కానీ పొదగదు,
మూడోరోజే గూడు దిగి తిరుగుళ్ళకి పోతుంది.
మూలనున్న నోట్‌బుక్కులో
కాలి ఉంగరాల నంబర్లు, తల్లుల పేర్లు,
సగందాకా తమ్ముడి దస్తూరి, తర్వాత తనది.
మధ్యలో ఒక వసంతం ఖాళీ.
నేనడగలేదు.

పుంజునీ రెండు పొట్టి పెట్టల్నీ
పెట్టెలో సర్ది, మళ్ళీ వెనక్కి వెళ్ళి
ఇంకోదాన్ని పట్టుకొచ్చింది.
కొంగలా ఉంది.
"పొరపాటున..." అనబోయాను.
మూత వేసేసింది.

"పొట్టిదాన్ని పొట్టిదానికే కడుతూ పో,
నాలుగింట ఒకటి పెంకులోనే కన్ను మూస్తుంది.
అదే రక్తం రెండువైపులనుంచీ వస్తే
ప్రాణం తట్టుకోలేదు.
దీన్ని కట్టు. సగం దీని పోలిక, సగం వాడి పోలిక,
అన్నీ బయటికొస్తాయి.
ప్రదర్శనకి తీసుకెళ్ళకు, నవ్వుతారు.
జాతి ఇన్నాళ్ళూ నిలబడింది మాత్రం
ఈ కాళ్ళమీదే."
మూడింటికి డబ్బు లెక్కపెట్టుకుంది.
నాలుగోదానికి తీసుకోలేదు.

ఇన్వర్నెస్ వంతెన మీద
పెట్టె పై కంతలోంచి ఒక్క తల బయటికొచ్చి
సముద్రం చూసింది.
మిగతావాటికి అందలేదు.

ఈ ఏప్రిల్లో ఆ పెట్టవి
పద్నాలుగు గుడ్లు పెడితే పదమూడు పిల్లలు.
పట్టలేక ఎల్స్పెత్‌కి ఉత్తరం రాశాను,
అంకె కింద రెండు గీతలు గీసి.
పది రోజులకి కార్డు వచ్చింది,
వణుకుతున్న పెన్సిలు:

"సంతోషం. పదమూడింటి తప్పులూ
రాసి పంపు."