తడిసిన జిల్లా పేజీ

మూడున్నరకు వ్యాను గాంధీ బొమ్మ కాడ ఆగతాది.
కట్టలు దించుకుని, సైకిలుకు కట్టుకుని,
గ్రీమ్స్‌పేట ఇంటికొచ్చి వసారాలో పరుచుకుంటాను,
జిల్లా పేజీ లోపలికి, సినిమా పేజీ దాని మీదికి.
ముప్పై ఏండ్లుగా ఇదే పని.
మా ఇంట్లో కాగితానికి కాలు తగిలితే
తీసి కండ్లకద్దుకుంటాము.

అట్లాంటి ఇంటికొచ్చింది బొరుగు.
నాలుగు కిలోలు, ఆరేండ్ల వయసు,
ఊదితే ఎగిరిపోయే తెలుపు.
పశువులాసుపత్రి కాంపౌండరు శేషాద్రి
బుట్టలో పెట్టిచ్చి, "నోరులేని జీవమన్నా, ఏమీ అనదు" అన్నాడు.
ఏమీ అనలేదు, నిజమే.
తెల్లారి నాలుక్కు, పరిచిన జిల్లా పేజీ నట్టనడుమ
నింపాదిగా కూర్చుని లేచింది.
మంత్రిగారి శంకుస్థాపన మొత్తం తడిసింది.

ధనభాగ్యం చీపురు ఎత్తింది.
"ఆరేండ్ల కుక్కకు ఇంగేం నేర్పతావు?
మొక్కయి వంగంది మానయి వంగతాదా?"
నేనూ ఊరికే లేను.
ముక్కు పట్టి తడికి ఆనించినాను, ఒక్కసారే.
అది నా చెయ్యి నాకింది.
ఆ పొద్దు నాకు కాఫీ దిగలేదు.

గంటకోసారి బయటికి తీసకపోయినా.
స్కూలు గోడ, కరెంటు స్తంభం, వేపచెట్టు,
అన్నీ వాసన చూస్తాది, దేన్నీ నమ్మదు.
బిగబట్టుకోని ఇంటిదాకా వచ్చి
గడప దాటీ దాటంగానే
యాడ కాగితముంటే ఆడ.
జారిపడిన క్యాలెండరు మీద.
కరెంటు బిల్లు మీద.
చందాల పుస్తకం మీద, అదీ
అడ్వాన్సు కట్టినోళ్ళ పేజీలో.

మళ్ళా పోయి నిలదీస్తే అప్పుడు చెప్పినాడు శేషాద్రి.
కట్టమంచిలో మూడో అంతస్తంట.
పెంచినామెకు మోకాళ్ళు పట్టకపోయినాయంట.
బాల్కనీలో పేపరు పరిచి "పో బంగారూ" అనేదంట.
ఉత్త నేల మీద పోస్తే కసిరేదంట.
ఆమె పోయి నెల దాటింది.

మూడో అంతస్తు.
గుండ్రంగా చుట్టి, రబ్బరేసి, గురిచూసి
నేను విసిరే ఇల్లొకటుండేది ఆ వీధిలో.
ఇంగ వేయొద్దని ఎవరో ఫోన్ చేసినారు.

ఇంటికొచ్చి చూస్తే
వసారాలో పండుకోని ఉండాది,
నేర్పినోళ్ళు లేకపోయినా
పాఠం అప్పజెప్పతా ఉండే పిల్ల మాదిరి.

మర్నాడు పాత పేపరు నేనే తీసకపోయి
వేపచెట్టు కింద పరిచినా,
నాలుగు మూలలా నాలుగు రాళ్ళు.
"పో బంగారూ" అన్నా.
నా గొంతు నాకే సిగ్గనిపించింది.
చెవులు నిక్కబొడిచింది. నా మొగం చూసింది. కూర్చునింది.
పాలబూతు మునెమ్మ నవ్వింది:
"ఏమన్నా, కుక్కకు పేపరు చదివిస్తాండావా?"

రెండోవారం అర పేజీ. ఆ మీదట పావు.
ఆ మీదట చిన్న ప్రకటనంత.
ఆఖరికి అగ్గిపెట్టెంత ముక్క, దాని మీదొక గులకరాయి.
ఒకనాడు రాయి పెట్టేలోపలే
ముక్క గాలికి లేచిపోయింది.
బొరుగు దాని వెంబడి చూసింది,
కొంచేపు ఆలోచన చేసింది,
మట్టి మీదనే కూర్చునింది.
ఫ్యాక్టరీ మామిడి గుజ్జు వాసన వీధంతా.

నా కట్టలూ అట్లే చిన్నవైనాయి.
నాలుగొందల ఇరవై ఉండేవి, ఇప్పుడు నూటపదారు.
ఫోన్‌లో చూసుకుంటామన్నా అంటారు.
ఏమంటాము.

మొన్న ఉరుములు పడిన రాత్రి
మంచం కింద మడుగు.
ధనభాగ్యం చీపురు ఎత్తలేదు.
వెనిగరు కలిపిన నీళ్ళు తెచ్చింది, పాత లంగా గుడ్డ తెచ్చింది,
వొంగి తుడస్తా
"ఆ పిడుక్కు నాకే అదిరిపాయ" అనింది.

మూడుంబావుకు మెలకువొచ్చి చూస్తే
తలుపు కాడ నిలబడుండాది, తోక మాత్రం కదలతాంది.
గొలుసు అందుకున్నా.
వ్యానొచ్చేదానికి ఇంకా టైముండాది.